బెంజిమన్ మేష్టారు దిగిన దిబ్బ

రాష్ట్రం విడిపోవడానికి రెండేళ్ళ ముందు వేసవిలో నన్ను అమలాపురం డివిజన్‌కి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ సర్వేగా వేశారు. మండలానికో సర్వేయరు ఉంటాడు. ఆ సర్వేయర్ల కొలతలు సరిచూసి సంతకం పెట్టేవాడు డిప్యూటీ ఇన్‌స్పెక్టరు. జనం నోట్లో అది "డీఐ గారు" అయింది. నేను జీపులో దిగితే కోనసీమ రైతులు కండువా తీసి నిలబడేవారని మా మనవలకు చెబుతుంటాను. జీపు ఆర్డీవో గారిది. నాకున్నది స్కూటరు, అదీ ఎక్కువ రోజులు మెకానిక్ దగ్గరే ఉండేది.

చేరిన కొద్ది రోజులకే ఒక ఉత్తర్వు వచ్చింది. రాజోలు వైపు వశిష్ఠ గోదావరిలో, పొన్నమెరక అనే ఊరికి ఎదురుగా ఒక ఇసుక దిబ్బ తేలింది. అది తూర్పు గోదావరి జిల్లాలోకి వస్తుందా, పశ్చిమ గోదావరి జిల్లాలోకి వస్తుందా, రెండు జిల్లాల సర్వేయర్లూ కలిసి కొలిచి నివేదిక పంపవలెను. అంతే. గోదావరిలో దిబ్బలు తేలడం, మునగడం కొత్త కాదు. వాటి మీద పుచ్చపాదులు వేసుకునేవాళ్ళు కొట్టుకుంటే తప్ప ప్రభుత్వం అటు చూడదు. ఈ దిబ్బ మీద పుచ్చపాదు కూడా లేదు. మరి కోర్టు దాకా ఎందుకు వెళ్ళిందని అడిగితే తహసీల్దారు గారు తలుపు దగ్గరగా వేసి, బెంజిమన్ మేష్టారి సంగతి చెప్పారు.

బెంజిమన్‌ది పొన్నమెరకే. వాళ్ళ తాత కొబ్బరితోటల్లో పాలేరు, తండ్రి మిషన్ బడిలో పంతులు. ఈయన యూనివర్సిటీలో నాటకకళ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు నాటకాలు ఆడించి, ఊరికి తిరిగొచ్చి ఒక బృందం కట్టాడు. అందులో పట్నం నటులు లేరు. కొబ్బరికాయలు దింపేవాళ్ళు, పీచు వలిచే ఆడవాళ్ళు, గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్ళు. వాళ్ళతో 'ఉప్పుచెరువు' అనే నాటకం తయారు చేశాడు. ఒక షావుకారు ఊరి పొలాల మధ్య రొయ్యల చెరువు తవ్విస్తాడు. ఉప్పునీరు ఊరి పక్క పొలాల్లోకి, మంచినీళ్ళ బావుల్లోకి ఊరుతుంది. చివరికి ఒక పీచు వలిచే మనిషి పార పట్టుకుని చెరువు గట్టు తెగ్గొడుతుంది. కథ అంతే.

అల్లవరం వైపు ఒక ఊళ్ళో ఆ నాటకం ఆడారు. ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మావైపు జనం పద్యనాటకాల్లో పెరిగినవాళ్ళు. పద్యం నచ్చితే "వన్స్ మోర్" అంటారు. అంటే నటుడు మళ్ళీ పాడాలి. చచ్చిపోయిన పాత్రధారి లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిన సందర్భాలు నేనే చూశాను. 'ఉప్పుచెరువు'లో పద్యాలు లేవు. గట్టు తెగ్గొట్టిన చోట జనం లేచి వన్స్ మోర్ అన్నారు. అలాంటి నాటకాల్లో రంగాన్ని రెండోసారి ఆడరు, అది బెంజిమన్ చదువుకున్న చదువుకే విరుద్ధం. కానీ వాళ్ళు కూర్చోలేదు. సరే కానిమ్మన్నాడు. మళ్ళీ తెగ్గొట్టారు. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ తెగ్గొట్టారు. ఆ తర్వాత జనం వన్స్ మోర్ అనలేదు. స్టేజీ మీది పార తీసుకుని, పక్కనే ఉన్న సత్తిబాబు గారనే ఆసామి రొయ్యల చెరువుకు వెళ్ళి గట్టు తెగ్గొట్టారు. అప్పటికి బెంజిమన్ తెర వెనక ముఖానికి నూనె రాసుకుని రంగు తుడుచుకుంటున్నాడు.

పట్టుబడికి సిద్ధంగా ఉన్న రొయ్య అంతా కాలవలో కలిసింది. కేసులో మొదటి ముద్దాయి బెంజిమన్. స్టేజీ మీద మూడుసార్లు చేసి చూపించి జనాన్ని ఉసిగొల్పాడన్నది అభియోగం. నాటకంలో వాడిన పారనే సాక్ష్యంగా కోర్టులో దాఖలు చేశారు. బెయిలు వచ్చింది కానీ షరతు మీద వచ్చింది. విచారణ ముగిసేదాకా తూర్పు గోదావరి జిల్లాలో అడుగు పెట్టకూడదు, వారం వారం ఆవలి ఒడ్డున నరసాపురం పోలీస్ స్టేషన్లో సంతకం పెట్టాలి. విచారణ ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియదు. అలా ఆయన పంటు ఎక్కి ఏరు దాటి వెళ్ళిపోయాడు. దేశం దాటలేదు, రాష్ట్రం దాటలేదు. అక్కడి ఏటిగట్టు మీద నిలబడితే సొంత ఊరి చర్చి శిఖరం కనబడుతుంది. ప్రవాసమంటే సముద్రాలు దాటడమేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

బృందం వాళ్ళు ఆయన్ను వదల్లేదు. అయితే కూలి పని ముగించుకుని పంటు దాటి వెళితే తిరిగి రావడానికి పంటు ఉండదు. అక్కడ కేసున్న మనిషికి రిహార్సలుకు చోటిచ్చేవాళ్ళూ లేరు. అందుకని పొన్నమెరక పడవలవాళ్ళ సాయంతో ఏటి మధ్య దిబ్బ మీద కలుసుకోవడం మొదలుపెట్టారు. ఆయన అటునుంచి, వాళ్ళు ఇటునుంచి. ఇసుకతో గట్టు కట్టుకోవడం, తెగ్గొట్టుకోవడం. ఊళ్ళోవాళ్ళు కూడా పడవలెక్కి చూడటానికి వెళ్ళేవారు. అది సత్తిబాబు గారి చెవిన పడింది. దిబ్బ మన జిల్లాదే, షరతు ఉల్లంఘన జరిగింది, బెయిలు రద్దు చెయ్యాలని పిటిషను పడింది. దిబ్బ ఎవరిదో తేల్చమని కోర్టు కలెక్టరును అడిగితే, అది దిగుతూ దిగుతూ నా దగ్గర ఆగింది. దిబ్బ మాదైతే బెంజిమన్ జైలుకు, వాళ్ళదైతే రిహార్సలుకు. ఇంతకు ముందు నేను కొలిచిన హద్దుల మీద కొబ్బరిచెట్లు ఆధారపడ్డాయి, ప్రహరీలు ఆధారపడ్డాయి. మనిషి ఆధారపడటం అదే మొదలు.

ఉమ్మడి సర్వేకు నోటీసులివ్వాలి. రెండువైపులా తహసీల్దార్లకు, గ్రామ రెవెన్యూ అధికారులకు, పిటిషనుదారు సత్తిబాబు గారికి, పొన్నమెరక పడవలవాళ్ళ సంఘానికి ఇచ్చాం. బెంజిమన్‌కు ఇవ్వలేదు. హద్దుకు అటూ ఇటూ భూమి ఉన్నవాడికే నోటీసు. ఆయనకు సెంటు భూమి లేదు. నిబంధన అదే. నీరు తీసే పాటు సమయం చూసుకుని రోజు నిర్ణయించాం. అక్కడ ఏటికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి, పోటు వేళ దిబ్బ సగం మునుగుతుంది.

ఆ రోజు నేను గుండెలోతు నీళ్ళలో, నెత్తిన యంత్రం పెట్టుకుని గోదావరికి అడ్డంగా నడిచానని చెబుతుంటాను. నీళ్ళు మోకాలికి కాస్త కింద. యంత్రం మోసింది కొలత గొలుసు పట్టే చైన్‌మాన్. నేను గొడుగు మోశాను, అది నాదే.

అవతలి జిల్లా నుంచి కృష్ణమూర్తి అనే డీఐ వచ్చాడు. మామూలుగా ఉమ్మడి సర్వేలో ఎవరి జిల్లాకు వాళ్ళు భూమి లాక్కుంటారు. ఆ రోజు తలకిందులుగా జరిగింది. దిబ్బను చూడగానే కృష్ణమూర్తి నవ్వి, "ఇది మీదేనండి, నిక్షేపంగా ఉంచుకోండి," అన్నాడు.

"మాకెందుకండీ, మాకు బోల్డు లంకలున్నాయి. మీకే లేవు," అన్నాను.

"జిల్లా హద్దు ఏటి మధ్యధార కదండి. ధార మావైపు పారుతోంది, చూడండి. దిబ్బ ధారకి ఇవతల పడింది, అంటే మీదేగా."

"ధార ఈ ఏడు మీవైపు పారింది. వరదలొస్తే మావైపు పారుద్ది. ఏరు కదిలినప్పుడల్లా జిల్లా కదుల్తుందేటండీ?"

కదలదని ఆయనకూ తెలుసు. మొదటి సర్వేలో కొలిచి పటంలో గీసిన గీత, ప్రభుత్వం మార్చేదాకా అక్కడే ఉంటుంది. ఏరు దాని కింద నుంచి ఎటు జరిగినా గీతకు సంబంధం లేదు. ఆ గీతను నేల మీదికి దించాలంటే పాత సర్వే రాళ్ళు కావాలి. మావైపు రాయి ఏటికోతలో ఎప్పుడో పోయింది. వాళ్ళవైపు రాయి ఒక కొబ్బరితోటలో బతికే ఉంది, దాని మీద బట్టలు ఉతుకుతున్నారు. ఆ రాయి నుంచి ఒక కొలత, పటంలో గుర్తు ఉన్న పొన్నమెరక చర్చి శిఖరం నుంచి ఒక కొలత పట్టి, రెండూ కలిసే చోటు చూడాలి.

మేము ఆ పనిలో ఉండగా అవతలి ఒడ్డు నుంచి ఒక చిన్న పడవ వచ్చి దిబ్బకు తగిలింది. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, భుజాన గుడ్డసంచి. పడవవాడు తాడు పట్టుకుని దిగాడు గానీ ఆయన దిగలేదు. పడవ అంచున కూర్చుని మావైపు చూశాడు.

"డీఐ గారంటే మీరేనాండి?"

"ఆయ్."

"నన్ను బెంజిమన్ అంటారండి. సర్వే అని మా వెంకటలక్ష్మి ఫోను చేసిందండి. మరి నేను ఎక్కడ దిగాలండీ?"

"ఇంకా తేలలేదండి. ఉండండి," అన్నాను.

"మంచిదండి. ఎవరు ఎక్కడ నిలబడాలో ఇన్నాళ్ళూ నేను చెప్పేవాణ్ణి," అని నవ్వి, సంచిలోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ పడవలోనే కూర్చున్నాడు. ఇసుక మీద కాలు పెట్టలేదు. ఈలోగా ఇవతలి నుంచి బృందం వచ్చింది, వెనకే ఊరు వచ్చింది. సత్తిబాబు గారు కూడా తెల్లటి పంచెతో, వెంట ఒక కానిస్టేబులుతో పడవ దిగారు. ఎర్రటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. వచ్చి నాకు ఒక కొబ్బరిబొండం ఇప్పించారు. తాగాను. దాంతో నా నిజాయితీకి ఏ భంగమూ రాలేదు, ఎందుకంటే బెంజిమన్ పడవవాడి దగ్గర పుచ్చకాయ ముక్క కూడా తిన్నాను.

లెక్క తేలింది. గీత దిబ్బ మధ్య నుంచి ఏటవాలుగా పోయింది. కృష్ణమూర్తి మళ్ళీ చూశాడు, నేను మళ్ళీ చూశాను. తేడా రాలేదు. ఎర్ర తెలుపు జెండా కర్రలు వరసగా పాతించాం. తూర్పు ముక్క మాది, పడమటి ముక్క వాళ్ళది.

బెంజిమన్ పడమటి వైపు దిగాడు. నడిచొచ్చి కర్రల వరస దగ్గర ఆగాడు.

సత్తిబాబు గారికి నచ్చలేదు. "ఇన్నాళ్ళూ ఇతను అటేపు కూర్చున్నాడేటండీ? ఇటే కూర్చున్నాడు. ఇసకగట్టు ఇటే ఉంది చూడండి. ఆ సంగతి రాయండి."

"ఉత్తర్వులో ఆ ప్రశ్న లేదండి," అన్నాను.

"లేపోతే మాత్రం కళ్ళకి కనపడ్డం లేదాండీ?"

"దిబ్బ ఏ జిల్లాదని అడిగేరు, కొలిచి చెప్పేనండి. మనిషి ఎక్కడ కూర్చున్నాడో యంత్రంతో కొలవలేమండి."

అది వాదన కాదు, మా శాఖ పద్ధతి. అడిగినదానికే జవాబు రాయాలి. అడగనిది రాస్తే ఆ రాసినదానికి సాక్ష్యం చెప్పడానికి జీవితమంతా కోర్టు మెట్లెక్కాలి.

బృందం వాళ్ళు పని మానుకుని వచ్చారు, పోటు రావడానికి ఇంకా కొంత సమయం ఉంది. బెంజిమన్ రిహార్సలు మొదలుపెట్టాడు. ఇసుకగట్టు మా ముక్కలో ఉంది, నటులు మా ముక్కలో ఉన్నారు, దర్శకుడు పక్క జిల్లాలో ఉన్నాడు. గట్టు తెగ్గొట్టే పాత్ర వెంకటలక్ష్మిది. నలభై దాటిన గట్టి మనిషి, నిజంగానే పీచు వలుస్తుంది. ఆమె పార ఎత్తింది.

"కలుపు తియ్యడం కాదు లక్ష్మీ. నడుం కాదు, భుజం," అన్నాడు బెంజిమన్.

ఆమె మళ్ళీ ఎత్తింది. ఆయనకు నచ్చలేదు. అలవాటు కొద్దీ పార అందుకోవడానికి ముందుకు నడిచాడు. కర్రల దగ్గర ఒక కాలు పైకి లేచింది. పడవకు ఒరిగి ఉన్న కానిస్టేబులు నిటారుగా నిలబడ్డాడు. ఆ కాలు కొద్దిసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్ళింది.

ఆ సమయంలో నేను ముందుకు వెళ్ళి, జెండా కర్ర పీకి, రెండు బారలు తూర్పుకు జరిపి పాతి, "ఇప్పుడు రండి మేష్టారూ," అన్నానని పెళ్ళిళ్ళలో చెబుతుంటాను. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నేను కర్ర పీకలేదు. పీకితే కృష్ణమూర్తి ఊరుకోడు, అసలు నాకు ఆ ఆలోచనే రాలేదు. కర్ర సరిగ్గా పాతారా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

"మీరొచ్చి చేసి చూపించకపోతే నాకెలా తెలుస్తాదండీ మేష్టారూ?" అంది వెంకటలక్ష్మి. "ఎప్పుడూ మీరే కదా చూపించేది."

"ఇక్కణ్ణించే చూపిస్తాను. చూడు."

చేతిలో పార లేకుండా, తన ముక్కలో, ఆమెకు ఎదురుగా నిలబడి చేశాడు. అద్దంలో చూసినట్టు ఆమె ఎడమ ఆయన కుడి అయింది. రెండుసార్లు తికమకపడింది. తర్వాత పట్టుకుంది. షావుకారు వేషం వేసే కుర్రాడు గట్టు మీదికి వచ్చి పంచె ఎగ్గట్టి అరవడం మొదలుపెట్టాడు.

"నేను పంచె అలా కట్టనండి."

అన్నది సత్తిబాబు గారు. అందరూ అటు తిరిగారు.

బెంజిమన్ కర్రల దాకా వచ్చాడు. "అది మీ పాత్ర కాదండి, వేరే ఊరి షావుకారు. అయినా, మరెలా కడతారండీ?"

"అలా మోకాలు దాటించి కట్టేవోణ్ణి చూస్తే కూలోడు కూడా లెక్కచెయ్యడు. మేం అరవమండి. మెల్లిగా మాట్లాడతాం. మెల్లిగా మాట్లాడితేనే భయపడతారు."

"ఒక్కసారి చూపిస్తారాండి? నేను అటు రాకూడదు, మీరు రావొచ్చు."

సత్తిబాబు గారు అటూ ఇటూ చూశారు. గట్టెక్కారు. కుర్రాడి పంచె సర్ది, వెంకటలక్ష్మి వైపు తిరిగి, "ఏవమ్మా, పిల్లలు బావున్నారా? పెద్దోడు నా దగ్గిరే కదా పని చేస్తున్నాడు?" అన్నారు. గొంతు పెంచలేదు. వెంకటలక్ష్మి చేతిలో పార దానంతటదే కిందికి దిగింది.

అంతలో పడవల్లోంచి ఎవడో వన్స్ మోర్ అన్నాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. బెంజిమన్ వెంటనే చెయ్యెత్తాడు. "వద్దండీ. ఒక్కసారే. దణ్ణం పెడతాను, ఒక్కసారే." ఆ మనిషి ముఖం నల్లబడటం అప్పుడే చూశాను. జైలు మాట వచ్చినప్పుడు కూడా అలా కాలేదు.

సత్తిబాబు గారు గట్టు దిగుతూ పంచె దులుపుకున్నారు. "కేసు కేసేనండి మేష్టారూ. అది వేరు."

"ఆయ్, వేరేనండి," అన్నాడు బెంజిమన్. పోటు మొదలైంది. ముందు వాళ్ళ ముక్క మునిగింది. ఆయన పడవెక్కాడు.

నివేదిక రాశాం: దిబ్బలో కొంత భాగం ఈ జిల్లాది, కొంత భాగం ఆ జిల్లాది. కోర్టు మళ్ళీ అడిగింది, ముద్దాయి రిహార్సలు చేసింది ఏ భాగంలో అని. ఈసారి ఆ ప్రశ్న ఉత్తర్వులో ఉంది కాబట్టి జవాబు రాయక తప్పదు. కానీ ఉత్తర్వు నాదాకా వచ్చేసరికి వరదలు వచ్చాయి. వెళ్ళి చూస్తే ఎర్రనీళ్ళు తప్ప ఏమీ లేదు. "స్థలము లేదు" అని రాశాను. బెయిలు రద్దు పిటిషను కొట్టేశారు. ఆయన్ను జైలు నుంచి తప్పించింది నేనేనని అంటుంటాను. తప్పించింది వరద. దిబ్బ పోవడంతో రిహార్సళ్ళూ పోయాయి. అది కూడా వరదే చేసింది, ఆ మాట మాత్రం ఎక్కడా చెప్పను. షావుకారు వేషం కుర్రాడు కువైట్ వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

విచారణ ఏళ్ళ తర్వాత జరిగింది. సాక్షులంతా తాము వన్స్ మోర్ అన్న మాట నిజమేనని, పార ఎవరు తీసుకెళ్ళారో తెలియదని చెప్పారు. కేసు పోయింది. అప్పటికి నేను రిటైరయ్యాను. బెంజిమన్ పంటు దిగి పొన్నమెరక వస్తున్నాడని, వెంకటలక్ష్మి మళ్ళీ బృందాన్ని కూడగట్టిందని తెలిసి వెళ్ళాను. బడి ఆవరణలో బరకం పరిచి, చుట్టూ తాడు కట్టారు. మధ్యాహ్నం రిహార్సలు, సాయంత్రం నాటకం. గట్టు ఘట్టం దగ్గర కొత్త కుర్రాడు తడబడ్డాడు. బెంజిమన్ తాడు దాకా వచ్చి ఆగిపోయాడు.

"రండి మేష్టారూ, ఇప్పుడు ఎవరూ ఏమనరు," అంది వెంకటలక్ష్మి.

"ఇక్కణ్ణించే బావుంది లక్ష్మీ. ఇక్కణ్ణించి అంతా కనపడుతుంది." తాడు ఇవతలే నిలబడి, చేతిలో ఏమీ లేకుండా, ఎదురుగా చేసి చూపించాడు. కుర్రాడు ఎడమ కుడి తికమకపడ్డాడు. సాయంత్రం నాటకం ఆడకముందే ఆయన పంటుకు బయలుదేరాడు. నేను ఆయనతో రేవు దాకా నడిచాను. ఉండిపోవచ్చు కదా అన్నాను. అక్కడ బళ్ళో పిల్లలకు నాటకం చెబుతున్నానండి, ఇల్లు కూడా అక్కడే చూసుకున్నానండి అన్నాడు. అయినా మళ్ళీ వన్స్ మోర్ అంటే వినలేనండి అన్నాడు. పంటు వచ్చింది, ఎక్కాడు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి శాఖాపరమైనవి. ఏటిలో కొలిచిన కొలతకు తేదీతో పాటు ఆటుపోట్ల వేళ కూడా రాయాలి. ఉత్తర్వులో అడిగినదానికే జవాబు రాయాలి. నోటీసు విషయంలో మాత్రం నిబంధన చాలదని నాకు తోచింది. గీతకు అటూ ఇటూ భూమి ఉన్నవాళ్ళకే కాక, ఆ గీత దగ్గర ఆగిపోవలసిన మనిషికి కూడా ఒక నోటీసు పంపాలి. అది చేతిలో ఉంటే అతను ఎండలో పడవ అంచున కూర్చుని అడిగే అవసరం ఉండదు. అందుకు ఫారంలో గడి లేదు. విడిగా తెల్లకాగితం మీద రాసి పంపవచ్చు, ఎవరూ కాదనరు.

ఆ దిబ్బ తర్వాత చేసిన ఉమ్మడి సర్వేలన్నిటిలోనూ అలాగే పంపానని రాయబోయాను. మూడింటిలో పంపాను. నా సర్వీసులో అప్పటికి అంతే మిగిలింది.